కాపలా తుట్టెలు

మా చెల్లెలు సుందరి పెళ్లి చేసుకోలేదు, పిట్టను చేసుకుంది. అడిగినవాళ్ళందరికీ నేను ఇదే మాట చెప్పేదాన్ని. వాళ్ళు నవ్వేవారు గానీ సుందరి నవ్వేది కాదు. "అయితే తప్పేటప్పా? కాఫీ పెట్టమని అడగదు, చొక్కా ఇస్త్రీ చెయ్యమని అడగదు" అనేది. మా శ్రీకాకుళం వైపు అక్కను అప్పా అంటారు. ముప్పై ఏళ్ళు తెలుగు టీచరుగా పనిచేసి ఎంతమంది నోళ్ళు మూయించానో లెక్కలేదు, దీని నోరు మాత్రం మూయించలేకపోయాను.

ఆ పిట్ట బొటనవేలికంటే కాస్త పెద్దది. ఆకుపచ్చ వీపు, పసుపు పొట్ట. పురుగులు తప్ప మరొకటి తినదు. మా అండమాన్ వానల అడవిలో తప్ప ఇంకెక్కడా లేదట. మా నాన్నతోపాటు శ్రీకాకుళం నుంచి వచ్చి, మాయాబందర్ అవతల వక్కతోటలు వేసుకున్న మొదటి తరంవాళ్ళు దానికి కందిరీగపిట్ట అని పేరు పెట్టారు. ఎందుకంటే దాని గూడు ఎప్పుడూ కందిరీగల తుట్టెకు జానెడు దూరంలోనే వేలాడుతుంది. పొడుగాటి సంచిలాంటి గూడు, పక్కన చిన్న వాకిలి, వాకిలికి వాన పడకుండా చూరు. గుడ్ల కోసం పాము పాకివచ్చిందా, కందిరీగలు దాని పని పడతాయి.

మరి పిట్టనెందుకు కుట్టవు? సుందరి పదేళ్ళు చెట్ల కింద కూర్చుని ఆ గుట్టు కనిపెట్టింది. ఆడపిట్ట మొదటిరోజు తుట్టెకు దూరంగా కూర్చుంటుంది. మర్నాడు కాస్త దగ్గరికి జరుగుతుంది. రెక్క టపటపలాడించదు, అరవదు. కొత్తకోడలు అత్తగారింట్లో మసలుకున్నట్టు మెల్లగా అలవాటు చేసుకుంటుంది. కందిరీగలకు దాని వాసన ఇంటి వాసన అయిపోయాక అప్పుడు మొదటి పుల్ల తెస్తుంది. తుట్టె లేనిచోట ఒక్క పుల్ల కూడా పెట్టదు.

అలాంటిది, కందిరీగలే పోయాయి. వక్కతోటల్లో తెగులుకని కొట్టిన మందు గాలికి అడవిలోకి పోయింది. రెండేళ్ళలో తుట్టె అన్నది కనబడకుండా పోయింది. మందు ఆపించారు. అయినా కందిరీగలు రాలేదు, పిట్టలు గూళ్ళు కట్టలేదు. సుందరి ఇంట్లో అన్నం కంచం ముందు కూర్చుని, "ముసలైపోతన్నాయి అప్పా. గుడ్లెట్టకుండానే ముసలైపోతన్నాయి" అని ఏడ్చింది. అది ఏడవడం అప్పటిదాకా నేను చూడలేదు. మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

అప్పుడు వచ్చాడు బిశ్వాస్. రంగత్ నుంచి వచ్చిన బెంగాలీ కుర్రాడు, ఇంజనీరు. వాళ్ళిద్దరూ కలిసి మా పెరటి షెడ్డులో కూర్చుని కందిరీగలను తయారుచేశారు. అవును, తయారుచేశారు. చిక్కుడుగింజంత యంత్రాలు. ఎండ తగిలితే చాలు, ఎగురుతాయి. కొబ్బరికాయంత కాగితపు తుట్టెలో వందల కొద్దీ ఉంటాయి. ముల్లులో విషం ఉండదు, చుక్కంత మంట ద్రవం ఉంటుంది. పాముకైనా మనిషికైనా పది నిమిషాల మంట, అంతే. ముఖ్యమైన సంగతి వాటి ముక్కు. నిజం కందిరీగల్లాగే వాసన బట్టి నేర్చుకుంటాయి. రోజూ వచ్చి హాని చెయ్యకుండా పోయేవాళ్ళు మనవాళ్ళు. పొగతో వచ్చేవాళ్ళు శత్రువులు. ఎందుకంటే అడవిలో తుట్టె రాల్చడానికి వచ్చేవాడు ముందు పొగే పెడతాడు.

ఇంకో సంగతి. ఒక తుట్టె నేర్చుకున్నది అడవిలో ఉన్న తుట్టెలన్నిటికీ తెలిసిపోతుంది. "మన ఊరి అమ్మలక్కల్లాగన్నమాట" అన్నాను. బిశ్వాస్‌కి హిందీలో చెబితే పడీపడీ నవ్వాడు.

మొదటి తుట్టెను మా పెరట్లో పనసచెట్టుకు కట్టారు. నేను ఊరుకుంటానా? "రేపు నేను పొయ్యి ముట్టిస్తే నన్నే కుడతాయేటే?" అని అడిగాను. దాంతో సుందరి వాసన పట్టే పెట్టె పట్టుకుని నా వంటింట్లో కూర్చుంది. మా ఇంటి పొగలన్నీ దానికి మనవే అని నేర్పాలి. కట్టెల పొయ్యి పొగ, పోపు మాడిన పొగ, దేవుడి ముందు అగరొత్తి, దోమల చుట్ట, ఎదురింటి సింహాద్రి కాల్చే చుట్ట. సింహాద్రిని పిలిచి మా గుమ్మంలో కూర్చోబెట్టి చుట్ట కాల్పించాం. "సైన్సు కోసం కాల్చడం ఇదే మొదలు" అని మురిసిపోయాడు. ఇంట్లో ఏ పొగ లేస్తే ఆ పొగ పెట్టెకు చూపించాం. ఇంక ఏ పొగా మిగల్లేదనే అనుకున్నాం.

ఆ ఏడే పిట్ట వచ్చింది. దూరంగా కూర్చుంది. మర్నాడు దగ్గరికి జరిగింది. పుల్ల తెచ్చిన రోజు సుందరి నన్ను గట్టిగా కావలించుకుంది, చేతిలో అట్లకాడతో సహా. ఆరేళ్ళలో అడవిలో ముప్పై ఒక్క తుట్టెలయ్యాయి, తుట్టెకో గూడు. ప్రపంచంలో ఉన్న కందిరీగపిట్టలన్నీ అవే. పేపర్లలో సుందరి ఫోటో వేశారు. మా ఇంట్లో ఎవర్నీ ఆ యంత్రాలు ఒక్కసారి కూడా కుట్టలేదు. తుట్టె మీద చెయ్యి వేసినా సుందరిని అవి ఏమీ అనేవి కావు.

ఏడో ఏడు మా అమ్మాయి రోహిణి పురిటికి వచ్చింది. అల్లుడు ఓడలో ఇంజనీరు, ఏ సముద్రం మీద ఉన్నాడో ఆ ఓడకే తెలియాలి. ఆడపిల్ల పుట్టింది. మా ఇంట్లో పసిబిడ్డ ఏడుపు వినబడి ఇరవై ఎనిమిదేళ్ళయింది. సుందరి అడవి నుంచి వచ్చి చేతులు కడుక్కుని, దూరంగా నిలబడి చూసి, "ఎత్తుకోమనకు, నాకు భయం" అని పోయేది.

ఇరవై ఒకటో రోజు. అంతకుముందంతా వానలు, నీళ్ళు గదిలోనే పోశాం. ఆ రోజు ఎండ కాసింది. పిల్లకు మంచిదని పెరట్లో పీట వేసుకుని, కాళ్ళమీద పడుకోబెట్టుకుని, ఆముదం రాసి, నలుగు పెట్టి, తలకు పోశాను. నా తల్లి ఒక్క కన్ను తెరిచి నన్ను చూసి మళ్ళీ మూసుకుంది. తల తుడిచి, నిప్పుల గిన్నెలో సాంబ్రాణి వేశాను. అందరి ఇళ్ళలో చేసేదే. పొగ తెల్లగా లేచింది.

పనసచెట్టు వైపునుంచి శబ్దం వచ్చింది. సన్నగా, బియ్యం జల్లెడ పడుతున్నట్టు.

నేను తల ఎత్తేలోపు వచ్చేశాయి. పిల్లను గుండెలకు హత్తుకుని ఒంగిపోయాను, కొంగు కప్పాను, "రోహిణీ" అని అరిచాను. నా చేతుల మీద, మెడ మీద, జుట్టులో అన్నీ పాకుతున్నాయి. నన్ను ఒక్కటీ కుట్టలేదు. నేను వాటికి తెలిసిన మనిషిని కదా! పిల్ల వాసనే వాటికి కొత్త. నన్ను తప్పించుకుని, కొంగు మడతల్లోంచి దూరి, పిల్ల దగ్గరికి పోయాయి. నా చేతులతో ఎన్ని నలిపానో తెలియదు. ఆ యంత్రాలు నా వేళ్ళ మధ్య పటపట విరుగుతుంటే ఇంకా వస్తూనే ఉన్నాయి. రోహిణి పచ్చి బాలింత, బకెట్టు నీళ్ళు మా ఇద్దరి మీద కుమ్మరించి నిప్పులార్పింది. అప్పటికే పిల్ల ఏడుపు ఆగిపోయింది. మొహం ఉబ్బి కళ్ళు కనబడలేదు.

పెద్దవాళ్ళకు పది నిమిషాల మంట. ఇరవై ఒక్క రోజుల పిల్లకు అది గొంతు మూసేసింది. మాయాబందర్‌లో ఊపిరికి గొట్టం వేసి హెలికాప్టర్లో పోర్ట్ బ్లెయిర్ పంపారు. అద్దం అవతల పిల్ల, ఇవతల మేం. సుందరి అడవి బట్టలతోనే వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. "సాంబ్రాణి" అంది. "సాంబ్రాణి ఒక్కటి మర్చిపోయానప్పా. పసిబిడ్డ ఉన్న ఇల్లు ఎలాగుంటాదో నాకు తెలీదు కదా."

నాకు దాన్ని కొట్టాలనిపించింది. దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేక కాఫీ తెస్తానని లేచిపోయాను.

దేవుడి దయ, పిల్ల బతికింది. రెండు వారాలకు కళ్ళు తెరిచి పాలు తాగింది. ఈలోగా సుందరి తుట్టెలన్నిటికీ సాంబ్రాణి మన పొగే అని నేర్పింది. "ఇంక భయం లేదు, తీసుకొచ్చీయండి" అని ఫోను చేసింది. రోహిణి పిన్ని మాట నమ్మింది. చిన్నప్పటినుంచీ నమ్మేది.

జీపు మా గేటు దగ్గర ఆగింది. పొగ లేదు, నిప్పు లేదు. రోహిణి ఒక కాలు కింద పెట్టిందో లేదో అదే జల్లెడ శబ్దం. "తలుపెయ్యి, తలుపెయ్యి" అని డ్రైవరు అరిచి, అద్దాలెత్తి, వెనక్కి పోనిచ్చాడు. మైలు దూరం వచ్చాక కూడా అద్దాల మీద అవే. రోహిణి పిల్లను చీరలో దాచుకుని ఒంగిపోయింది. 

అవి పొగను మర్చిపోయాయి, పిల్లను మర్చిపోలేదు. పాము పగ పడుతుందంటారు, నిజమో అబద్ధమో నాకు తెలియదు. వీటి పగ మాత్రం నా చెల్లెలు చేత్తో చేసింది.

రోహిణిని మాయాబందర్‌లో ఒక గదిలో దింపి వచ్చాను. సుందరి పక్కవీధిలో సన్యాసమ్మ మనవడి పొత్తిగుడ్డ ఒకటి అడిగి తెచ్చింది. నెలల పిల్లాడు, మా పిల్లను ఎన్నడూ చూసినవాడు కాదు. "అడవిలోకెల్తన్నాను. నువ్వు రాకప్పా" అంది. వచ్చి తీరతానన్నాను.

రెండు గంటలు నడిచాం, జలగలు పీకుకుంటూ. మా ఇంటికి ఎక్కడో దూరాన ఉన్న తుట్టె అది. దాని పక్కన పిట్టగూడు, వాకిట్లోంచి మూడు చిన్న నోళ్ళు. తల్లి పురుగు తెచ్చి పెట్టి పోయింది. సుందరి ఆ గుడ్డను కర్రకు కట్టి, తుట్టెకు కాస్త దూరంలో నిలబెట్టి, నా పక్కన వచ్చి కూర్చుంది.

క్షణం పట్టలేదు. తెల్లగుడ్డ నల్లగా అయిపోయింది.

పాలు, ఆముదం, నలుగు, పసిబిడ్డ ఒంటి వాసన. అవన్నీ కలిసి శత్రువు అని ఒక తుట్టె నేర్చుకుంది, ముప్పై ఒక్కటీ నేర్చుకున్నాయి. మా పిల్ల ఒక్కత్తే కాదు, ఊళ్ళో ఏ పసిబిడ్డయినా అంతే. సుందరి కింద కూర్చున్నది లేవలేదు. "పాలు తాగే పిల్లలకీ, పాముకీ తేడా చెప్పలేకపోనాను" అంది.

ఆ సాయంత్రం మా అరుగు మీద బిశ్వాస్ లెక్క చెప్పాడు. కొత్త పొగనైతే నేర్పవచ్చు గానీ, ఒకసారి కుట్టినదాని వాసనను అవి మర్చిపోవు; అది చెరపాలంటే తుట్టెలన్నీ ఒకేసారి ఆపాలి. మళ్ళీ మొదటినుంచి నేర్పడానికి నెలలు పడుతుంది. గూళ్ళలో పిల్లలు ఎగరడానికి ఇంకా మూడు వారాలు కావాలి. కాపలా లేకపోతే పాములు మూడు వారాలు ఆగవు. "మూడు వారాలే దీదీ. పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళను మాయాబందర్ పంపేద్దాం. ఖర్చు మనం పెట్టుకుందాం" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. వాడికీ ఆ పిట్టలంటే ప్రాణం.

సుందరి "చూద్దాం" అంది.  ఆ "చూద్దాం"లో పిట్టవైపే మొగ్గు ఉంది. పుట్టినప్పటినుంచీ దాన్ని చూస్తున్నాను, నాకు తెలియదా?

మర్నాడు ఇద్దరం రోహిణి దగ్గరికి వెళ్ళాం. రోహిణి పిల్లకు పాలిస్తూ గోడవైపు తిరిగి కూర్చుంది. సుందరి బిశ్వాస్ చెప్పినదంతా చెప్పింది. మూడు వారాలు, తర్వాత ఆపేస్తాను అంది. పిల్లల్ని పంపెయ్యమని ఊరందరికీ తానే చెబుతానంది.

"పిన్నీ" అంది రోహిణి, వెనక్కి తిరక్కుండానే. "నా కూతురికి జరిగింది నీ తప్పని నాను అనను. నీకు తెలీదు. కానీ ఇప్పుడు నీకు తెలుసు. రేపు ఎవరో ఒకలు మాట వినక ఊళ్ళోనే ఉండిపోతే, ఆ పిల్లకేటైనా అయితే, అప్పుడు మాత్రం అంటాను."

సుందరి లేచి జీపెక్కింది.  ఇంటికొచ్చి నేరుగా షెడ్డులోకి పోయి, "అప్పా, ఇలా వచ్చి కూకో" అని పిలిచింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. కంప్యూటరు తెర మీద తుట్టెకొకటి చొప్పున ముప్పై ఒక్క పచ్చ చుక్కలు. "నా చెయ్యి పట్టుకో" అంది. పట్టుకున్నాను. రెండో చేత్తో మీట నొక్కింది. చుక్కలన్నీ ఒక్కసారే పోయాయి. పెరట్లో పనసచెట్టు మీదనుంచి చిక్కుడుగింజల్లాంటి యంత్రాలు షెడ్డు రేకు మీద టపటపా రాలాయి. సుందరి నా ఒళ్ళో తల పెట్టుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

మా పనసచెట్టు గూట్లో రెండు పిల్లలున్నాయి. అక్కచెల్లెళ్ళం చెరో కర్ర పట్టుకుని కింద కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఊరంతా మమ్మల్ని చూసి నవ్వింది. సింహాద్రి వచ్చి, నవ్వడం మాని, తనూ ఒక కర్ర తెచ్చుకున్నాడు. నాలుగోరోజు మధ్యాహ్నం పాము పైకొమ్మనుంచి దిగింది. మేం కిందనుంచి చూస్తున్నాం, అది పైనుంచి వచ్చింది. ఆకుపచ్చ పాము ఆకుల్లో ఎలా కనిపిస్తుంది? తల్లిపిట్ట మా తలల మీద గిరగిరా తిరుగుతూ అరుస్తుంటే తెలిసింది. సుందరి నిచ్చెన వేసేసరికి అంతా అయిపోయింది.

అడవిలో మిగతా గూళ్ళూ అంతే. నాలుగు గూళ్ళలో మాత్రం పిల్లలు ఎగిరాయి. బిశ్వాస్ ఆ సంగతి చెప్పి, సెలవు పెట్టి రంగత్ పోయాడు. కోపంతో కాదు, చూడలేక.

రోహిణి పిల్లను తీసుకుని ఇంటికొచ్చింది. పిల్లకు పేరు పెట్టాం, బోర్లపడింది, పాకింది. ఇంట్లో నవ్వులున్నాయి, కానీ రోహిణి పిన్నితో మాట్లాడేది కాదు. అన్నం పెట్టేది, మంచినీళ్ళిచ్చేది, మాట మాత్రం లేదు. "అమ్మా, పిన్నికి స్నానానికి నీళ్ళు కాగినాయని చెప్పు" అని, అది అక్కడే నిలబడి ఉండగా నాతో చెప్పేది. సుందరి నాతో "సరే అని చెప్పప్పా" అనేది. మధ్యలో నేను పోస్టుమేన్‌ని. అడవికి పోవడం మానేసింది సుందరి. యంత్రాల తుట్టెలు దింపడానికి కూడా మనసొప్పక అలాగే వదిలేసింది. పగలంతా చాప మీద పడుకునేది. నేను తిట్టాను, బతిమాలాను. అన్నం ముద్దలు కలిపి చేతికిచ్చాను. నాకు భయం వేసింది, నిజంగా భయం వేసింది. పిట్టల్ని చంపుకుని పిల్లల్ని కాచింది గానీ తనని తాను కాచుకోవడం దానికి రాలేదు.

వానలు పోయి కార్తీకం వచ్చింది. ఒక ఉదయం నేను పెరట్లో కాకరకాయలు కోస్తున్నాను. పనసకొమ్మ మీద పసుపు పొట్ట పిట్ట. ముక్కున పుల్ల.

"సుందరీ!"

"ఏటి?"

"పిట్టొచ్చిందే! గూడు కడతంది!"

"కట్టదప్పా. తుట్టె లేంది కట్టదు. వేరే పిట్టయుంటాది."

"నా కళ్ళేటి పోనాయేటి? వచ్చి చూడు."

వచ్చింది, జుట్టు విరబోసుకుని, కళ్ళు నలుపుకుంటూ. చూసి అక్కడే నిలబడిపోయింది. పిట్ట గూటికి మొదలు పెట్టింది, చచ్చిన యంత్రాల తుట్టెకు సరిగ్గా జానెడు దూరంలో. సుందరి గబగబా నిచ్చెన తెచ్చి వేసింది. నేను కింద పట్టుకున్నాను. ఎక్కింది. ఆరేళ్ళ అలవాటు కదా, తుట్టె మీద చెయ్యి వేసి మొహం దగ్గరగా పెట్టి లోపలికి చూసింది.

"ఓలమ్మో!" అని కేకపెట్టింది. నిచ్చెన ఊగింది. దిగిందో దూకిందో తెలియదు, నేల మీద చతికిలబడి చెంప పట్టుకుంది. చెంప అప్పుడే వాస్తోంది.

"కుట్టిందప్పా! కుట్టింది! నిజంది! నిజంది కుట్టింది!"

ఏడుస్తోందో నవ్వుతోందో నాకు అర్థం కాలేదు. కన్నీళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు. "లోపల కడతన్నాయి అప్పా, మన కాగితం తుట్టెలోనే. నాలుగైదు గదులు కట్టీసినాయి. ఇన్నేళ్ళూ ఇవి రాలేదని ఏడ్చాను. రానిచ్చిందెవలు? వచ్చిందాన్నల్లా మన యంత్రాలు తరిమీసుంటాయి. మరో వాసన కదా. నానే రానివ్వలేదు. నానే!" అని నెత్తి కొట్టుకుంది, మళ్ళీ నవ్వింది. పైన పిట్ట మమ్మల్ని పట్టించుకోకుండా రెండో పుల్లకు పోయింది.

కేకలకు రోహిణి పిల్లను చంకనెత్తుకుని పరుగెత్తుకొచ్చింది. పిన్ని మొహం చూసింది, తుట్టె వైపు చూసింది. ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు నాకు ఎంత బాధ కలిగించిందో చెప్పలేను. వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయింది. పోతే పోనీ, దాని భయం దానిది అనుకున్నాను.

పిల్లను గదిలో పెట్టి తలుపేసి, వంటింట్లోంచి సున్నం డబ్బా పట్టుకుని మళ్ళీ వచ్చింది. పిన్ని ముందు గొంతుక్కూర్చుంది. గడ్డం పట్టుకుని మొహం వెలుగువైపు తిప్పింది. సుందరి నవ్వు ఆగిపోయింది. పసిబిడ్డను చూసేటప్పటిలాగే రోహిణిని చూస్తూ ఉండిపోయింది.

"ఏడుస్తావేటి పిన్నీ, నవ్వుతావేటి?" అంది రోహిణి, వేలితో సున్నం అద్దుతూ. "కదలకు, కంట్లో పడతాది."